తాళంచెవి ఉన్న చోటు

కొంతకాలం తాగనని గ్వాదలూపే మాత ముందు ఎలూతేరియో వేసిన ఒట్టు గడువు నిన్నటితో తీరిపోయింది. ఒట్టు ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు. ఇక తాగినా మాటతప్పినట్టు కాదు. అదే అతని భయం. అందుకే సాయంత్రం ప్యూబ్లా సంతలోని మిరపకాయల కొట్టు భార్యకు అప్పజెప్పి, తాగుడు మానేసినవాళ్లు కలుసుకునే గది ఎక్కడుందో వాకబు చేసుకుంటూ వచ్చాడు. తలుపుకు తాళం వేసి ఉంది.

"తాళంచెవి నికనోర్ దగ్గరుంటుంది నాయనా. రోజూ తనే తెరిచి కాఫీ కాస్తాడు," అంది పక్కన మొక్కజొన్న రొట్టెలు కాల్చే ముసలమ్మ. "అదిగో, ఎదురుగా ఉన్నాడు."

ఎదురుగా ఉన్నది సారా కొట్టు.

ఎలూతేరియో గుమ్మంలోనే నిలబడి, "అన్నా, ఆ తాళంచెవి ఇస్తే నేనే తెరుచుకుంటా," అన్నాడు.

"కొత్తవాడివా తమ్ముడూ?" నికనోర్ ఎర్రబడ్డ కళ్లతో నవ్వాడు. "ఆ తాళం మొండిది, నా చేతికి తప్ప లొంగదు. ఈ గ్లాసు కానిచ్చి వస్తా. అందాకా కూర్చో. కుర్చీకి అద్దె అడగర్లే!"

కొట్టు ముందు పీట ఎందుకు వేస్తారో ఎలూతేరియోకి తెలుసు. తనూ వేస్తాడు. నిలబడి బేరమాడే మనిషి వెళ్లిపోతాడేమో గానీ, కూర్చున్న మనిషి కొనకుండా లేవడు.

తాళం వేసిన తలుపు వైపు ఇంకోసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.