సాలిమ్ చాచా నీడ మోసే పెట్టె

అరబ్బుల దేశంలో, సల్వాలోని ఆ ఇంటి ముందు పొద్దున్నే డ్రైవరు షావలి కారు కడుగుతుంటే, గేటు కాపలా సాలిమ్ చాచా ఎండలో నిలబడి చాయ్ తాగుతుంటాడు. డెబ్బై దాటినా చాచా వీపు నిటారు. నీడ మాత్రం నడుం వంచి, భుజాన ఒక పెద్ద పెట్టె మోస్తుంటుంది. షావలి నీళ్ళ పైపును ఆ పెట్టెకు తగలకుండా చుట్టూ తిప్పి లాక్కుంటాడు. ఇంటి పిల్లలు దాన్ని దూకి ఆడుకుంటారు. పెట్టె నీడ మీద కారు పెడితే టైర్లు దిగిపోతున్నాయని యజమానురాలు ఒకసారి విసుక్కుంది, అంతే.

షావలికి మాత్రం అందులో ఏముందో తెలుసుకోవాలని ఒకటే దురద. రాయచోటి మనిషికి పక్కవాడి సంచిలో ఏముందో తెలియకపోతే అన్నం అరుగుతుందా? అడగబోయి ప్రతిసారీ నాలుక కరుచుకునేవాడు.

ఒక శుక్రవారం ఆ దేశంలోనే ఉన్న మంగఫ్ నుంచి అతని మేనల్లుడు వసీమ్ బ్యాగు సర్దుకుని వచ్చాడు. కంపెనీ బస్సు నడిపే పని మానేస్తాడట. ఏజెంటు ఒకడు వేరే దేశంలో, సరిహద్దు పక్క క్యాంపులో లారీ పని చూపించాడట. జీతం రెండింతలు. సాయంత్రం అసర్ నమాజు కాగానే కారొచ్చి ఇక్కడి నుంచే ఎక్కించుకుపోతుంది.

“లారీలో ఏం తోలాలంట?” అనడిగాడు షావలి.

“జఖీరా, మామూ.”

ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళకి జఖీరా అంటే సరుకు నిల్వ. క్యాంపులో జనానికి బియ్యం, పప్పు, నూనె. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం అని షావలి మురిసిపోయాడు.

చాయ్ పోస్తున్న చాచా చెయ్యి ఆగింది. ఏజెంటు ఆ మాట అరబ్బీలో అన్నాడా అని అడిగాడు. అవునన్నాడు వసీమ్. అరబ్బీలో ఆ మాటకి అర్థం తూటాలు, మందుగుండు అని చెప్పాడు చాచా.

ఇన్నేళ్ళూ విప్పని నోరు అప్పుడు విప్పాడు. కుర్రతనంలో ఆయన ఉండింది యెమెన్‌లో. సరిహద్దు అవతల ఒమన్ కొండల్లో ఎర్రజెండా పట్టి సుల్తాను మీద తిరగబడిన కుర్రాళ్ళుండేవారు. వాళ్ళను యెమెన్ సర్కారువాళ్ళు ఇవతలికి రప్పించి, తుపాకీ పట్టడం నేర్పి పంపేవాళ్ళు. చైనా నుంచి వచ్చిన తూటాల పెట్టెలను చాచా ఒంటెల మీద సరిహద్దు దాటించేవాడు. పెట్టె కనబడితే కుర్రాళ్ళకి పండగే. వాళ్ళలో చాలామంది మళ్ళీ కనబడలేదు.

“నేను ఎవర్నీ కాల్చలేదు. మోసినానంతే అనుకున్నా,” అన్నాడు చాచా.

వసీమ్ ముఖం మాడ్చుకున్నాడు. “నేనూ తోలేదే కదా. పప్పయితే ఏంది, తూటాలయితే ఏంది? స్టీరింగు ఒకటే.”

షావలి వాడి బ్యాగు పట్టుకుని ఆపాడు. ఊళ్ళో ఉన్న అక్క జమీలా బీకి వీడు ఒక్కగానొక్క కొడుకు. వీడికేమన్నా అయితే ఆమెకు ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చేస్తాడు? బతిమాలాడు, తిట్టాడు. వాడు వింటేగా.

బయట హారన్ మోగింది. వసీమ్ బ్యాగు భుజాన వేసుకుని ఎండలోకి నడిచాడు. వెనకే వచ్చిన షావలి టక్కున ఆగిపోయాడు. బ్యాగు నీడ ఒక్కటే నేల మీద ఊగుతూ పోతోంది.

“వసీమూ, నీ నీడేదిరా?”

వసీమ్ ముందూ వెనకా చూసుకున్నాడు. కారు కిందికి పోయిందేమోనని షావలి వంగి వెతికాడు. అప్పుడు చాచా నీడ మెల్లగా మోకాళ్ళ మీదికి వంగి, పెట్టె దించి మూత తీసింది. అందులో తూటాల్లేవు. కుర్రాళ్ళ నీడలు ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. అన్నిటికీ పైన, ఇంకా కుదురుకోని నీడ ఒకటి. చెవులు పక్కకి నిక్కిన ఆ తల జమీలా బీ కొడుకుది కాక ఇంకెవరిది?

కారులోంచి ఏజెంటు యల్లా, యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. పెట్టెలో తన నీడను చూసి వసీమ్ బ్యాగు కింద పెట్టేశాడు.

“ఖలాస్. నేను రాను.”

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి ఏజెంటు వెళ్ళిపోయాడు. పైనున్న నీడ పెట్టెలోంచి కాలు బయటపెట్టి, దుమ్ము దులుపుకుని వచ్చి వసీమ్ పాదాలకు అతుక్కుంది. షావలి వాణ్ణి వాటేసుకుని ఏడ్చేశాడు.

ఇంకెవరైనా లేస్తారేమోనని చాచా పెట్టె వంక చాలాసేపు చూశాడు. ఎవరూ లేవలేదు. ఆయన నీడ మూత వేసి పెట్టెను మళ్ళీ భుజానికెత్తుకుంది.

“ఒక్కడన్నా దిగినాడు,” అంటూ చాచా కళ్ళు తుడుచుకున్నాడు.