ముప్ఫై రెండు పిన్నీసుల పంచె

రండి, రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. ఆవులించేవాళ్ళు ఇప్పుడే ఆవులించేయండి, మధ్యలో నోళ్ళు తెరిస్తే నేను చెప్పేది మర్చిపోతాను. ఈ కథలో ఒక్క అబద్ధం కూడా లేదు. నాలుగైదు ఉంటే ఉండొచ్చు గానీ, ఒక్కటంటే ఒక్కటి మాత్రం లేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక పెద్ద ఆఫీసులో పాత ఫైళ్ళ గది చూసుకుంటాడు. ఆ గదిలో అరలు ఎంత ఎత్తంటే, పై అరలో ఫైలు కోసం పొద్దున నున్నగా గీసుకున్న గడ్డంతో నిచ్చెన ఎక్కినవాడు, దిగేసరికి మళ్ళీ మంగలి దగ్గరికి పోవాల్సిందే. బావకి నిచ్చెన అంటే భయం లేదు, పై అధికారి అంటే భయం లేదు. ఒక్క పంచె అంటేనే భయం.

వాళ్ళ నాన్న, అంటే మా మామ, వడ్రంగి. బతికినన్నాళ్ళూ తెల్ల పంచెలోనే పని చేశాడు. ముందు కుచ్చిళ్ళు, వెనక గోచి, చెవి మీద పెన్సిలు. ఇంటికప్పుల మీద దూలం నుంచి దూలానికి ఉడతలా పోయేవాడు. గాలివానలో ఒకసారి చొక్కా ఎగిరిపోయిందట, రంపం ఎగిరిపోయిందట, పంచె మాత్రం కదల్లేదట. ఆయన పోతూ పన్నెండు పంచెలు ఒక ట్రంకుపెట్టెలో వదిలి వెళ్ళాడు.

బావ నెలకోసారి ఆ పెట్టె తెరిచి, పంచెలన్నీ ఎండలో వేసి, దులిపి, చేత్తో నిమిరి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేసేవాడు. కట్టుకోమంటే మాత్రం ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. నలుగురిలో ఊడిపోతే ఎలాగ అని లోపల గుబులు.

అక్క ఆరేళ్ళు చూసింది. ఏడో ఏడు ఒక ఆదివారం, ఆ పెట్టెలోంచి ఒక పంచె తీసి, నిలువునా చింపి, నీళ్ళలో ముంచి హాలు తుడిచేసింది. నేల ఎంత మెరిసిందంటే, ఇంట్లోకొచ్చిన పిల్లి తన నీడని చూసి పక్కింటి పిల్లి అనుకుని సాయంత్రం దాకా పోట్లాడుకుంది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి ఆ నేల చూసి, తనకీ అలాంటి గుడ్డలు మూడు కావాలని అప్పుడే చెప్పి పెట్టుకుంది.

బావ మొహం చూడాలి. చింపిన గుడ్డని చేతిలోకి తీసుకుని, అంచు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడట. అక్క కూడా మెత్తగానే చెప్పింది.

"చూడండీ, మామయ్యగారివని నాకూ ప్రాణమే. కానీ పెట్టెలో పడుకోవడానికి కాదు గదా ఆయన కొనుక్కుంది. రేపు ఒకటి కట్టుకుని ఆఫీసుకి వెళ్ళండి. అదే కట్టుతో ఇంటికి రండి. రాలేకపోతే మిగతా పదకొండూ తుడుపుగుడ్డలే."

అక్క మాటంటే మాటే. ఒకసారి గడియారాన్ని ఆగమందని, అది ఇప్పటికీ ఆగే ఉంది.

సోమవారం పొద్దున్నే బావ పంచె తీశాడు. గట్టిగా ఉండాలని నిండా ఊపిరి పీల్చి, ముడి బిగించాడు. ముడి బాగానే పడింది. ఊపిరి వదిలాడు. పొట్ట లోపలికి పోయింది, పంచె కిందికి పోయింది. మళ్ళీ పీల్చాడు, బిగించాడు, వదిలాడు, జారింది. నాలుగోసారికి ఆయనకి ఒక ఉపాయం తట్టింది. ఊపిరి వదిలితేనే గదా జారేది, సాయంత్రం దాకా వదలకపోతే సరి. ఎందుకైనా మంచిదని ఇంట్లో ఉన్న పిన్నీసులన్నీ ఏరి నడుము చుట్టూ గుచ్చుకున్నాడు. ముప్ఫై రెండు. నేను లెక్కపెట్టాను.

వెళ్ళొస్తానని అక్కకి చేత్తోనే చెప్పి బయల్దేరాడు. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే వేలు చూపించాడు. బుగ్గలు ఉబ్బి, మొహం వంకాయ రంగులోకి తిరిగిన మనిషిని చూసి ముగ్గురు లేచి సీటిచ్చారు. మా బావ మూడు సీట్లలో కూర్చుని నలభై నిమిషాలు ప్రయాణం చేశాడు, ఒక్కసారి కూడా ఊపిరి వదల్లేదు.

ఆఫీసు గుమ్మంలో మెటల్ డిటెక్టర్ ఉంది, తలుపు చట్రంలా. తాళంచెవి ఉంటే కుయ్ మంటుంది. బావ అందులో కాలు పెట్టాడో లేదో, ముప్ఫై రెండు పిన్నీసులకీ కలిపి ఒకేసారి కూసింది. మూడో అంతస్తులో వాళ్ళు భోజనాల గంట అనుకుని పొద్దున తొమ్మిదింటికే తినేశారు.

అక్కడ కాపలా ఉండేది బుర్రమీసాల పెద్దాయన. మర్యాదస్తుడు. ఒక ప్లాస్టిక్ పళ్ళెం ముందు పెట్టి, ఉన్నవి అందులో వేయమన్నాడు. బావ ఒక్కో పిన్నీసే తీసి వేస్తున్నాడు. వెనకాల వరస వీధి మలుపు దాకా పెరిగింది. ముప్ఫై రెండోది కూడా పడ్డాక, పెద్దాయన ఇంకేమైనా ఉన్నాయా సార్ అని అడిగాడు.

బావ లేవన్నాడు. ఆ ఒక్క మాటతో పాటు నలభై నిమిషాల ఊపిరీ బయటికొచ్చింది. పెద్దాయన టోపీ ఎగిరి ఫ్యాను రెక్కకి తగులుకుంది. పంచె జారింది. బావ రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ, ఆయన కళ్ళ ముందు పదకొండు పంచెలూ బకెట్లో మునిగిపోయాయి.

పెద్దాయన టోపీ సంగతి పట్టించుకోలేదు. బావని తన చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"పీల్చి కట్టారు గదూ? ముందు ఉన్న ఊపిరంతా వదిలేయండి సార్. పొట్ట ఖాళీ అయ్యాక కట్టండి. తర్వాత మీ ఊపిరే దాన్ని పట్టుకుంటుంది."

బావ నిదానంగా ఊపిరి వదిలాడు. హుఫ్ మని చప్పుడైంది. ఆ చప్పుడుకి ఆయనే ఆగిపోయాడు. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే వాళ్ళ నాన్న పంచె కొస ఒకటి ఈయన చేతికిచ్చి, ఆగరా అని, హుఫ్ మనేవాడట. పాపం నాన్న పనికి పోకముందే అలిసిపోయాడని అనుకునేవాడట బావ. అలుపు కాదు, కట్టు అది. ఇన్నేళ్ళకి తెలిసింది. కళ్ళు తుడుచుకుని, ముడి వేసి, కుచ్చిళ్ళు దోపి, గోచి పోశాడు.

ఆ రోజు నిచ్చెన పదిహేడుసార్లు ఎక్కాడు. పై అరలో ఫైలు కోసం ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒకసారి తుమ్మాడు కూడా. పంచె కదల్లేదు. పిన్నీసులు కాగితంలో చుట్టుకుని, సాయంత్రం అదే కట్టుతో ఇంటికొచ్చాడు.

అక్క గుమ్మంలోనే ఉంది. పైనుంచి కిందికి ఒకసారి చూసింది. లోపలికెళ్ళి, బీరువాలో ప్యాంట్లన్నీ ఒక పక్కకి నెట్టి, ట్రంకుపెట్టెలో ఉన్న పది పంచెలూ ఆ ఖాళీలో పేర్చింది. రేపు ఏది కడతారని మాత్రం అడిగింది. బావ నీలం అంచుది అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ తన మూడు గుడ్డల కోసం బకెట్టు పట్టుకుని వచ్చింది. బావ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. కుచ్చిళ్ళు వేళ్ళతో పట్టి చూసింది. ఆవిడ కడుపు తరుక్కుపోయింది పాపం.

"ఇంత మంచి తుడుపుగుడ్డని తీసుకొచ్చి మనిషికి చుట్టి పాడు చేశారేంటండీ" అంది.