మూత తీసిన మీట్ లోఫ్

చూపించని సరుకు చచ్చిన సరుకని గిన్నెల కొట్టాయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్లు కొట్టు నెట్టుకొచ్చాడు. స్లో కుక్కర్ల దగ్గర మాత్రం పప్పులుడకలేదు. భార్య వద్దంటున్నా ముప్పై దించాడు. ఎనిమిది నెలలైనా ఒక్కటీ కదల్లేదు. పొద్దున పెడితే సాయంత్రానికి ఉడికే గిన్నె ఎవడిక్కావాలని జనం నవ్విపోయారు.

చివరికి క్యాంటీన్ నడిపే ఆవిడ దొరికింది. “వండి చూపించండి అన్నయ్యా. రేపు సాయంత్రం ఐదుకి వస్తా. నచ్చితే మొత్తం పట్టుకెళ్తా” అంది.

మర్నాడు పొద్దున్నే భార్య కొట్టుకొచ్చి, కీమాలో రొట్టె పొడి, గుడ్లు, ఉల్లిముక్కలు కలిపి, ఇటుకలా అదిమి, ఆ మీట్ లోఫ్‌ను కుక్కర్లో పెట్టింది. “మూత జోలికి వెళ్లకండి. తీసినప్పుడల్లా వేడంతా పోతుంది” అని చెప్పి ఇంటికెళ్లింది.

ఆయన గంటసేపు బుద్ధిగానే ఉన్నాడు. అంతలో గరిటె కోసం వచ్చినావిడ “అందులో ఏముంది?” అంది. బేరం నోరు తెరిచి అడిగితే ఆయన చెయ్యి ఊరుకోదు. తీశాడు. జల్లెడ కోసం వచ్చినవాడికీ తీశాడు. దారి అడగడానికి ఆగినవాణ్ణి లోపలికి పిలిచి మరీ చూపించాడు.

ఐదింటికి క్యాంటీనావిడ లోఫ్ మధ్యకు కత్తి దించింది. లోపలి మాంసానికి తాను చచ్చానన్న సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

“ఎన్నిసార్లు తీశారు?”

“వచ్చినవాళ్లకే తీశానమ్మా.”

“ఎంతమందొచ్చారు?”

“దేవుడి దయవల్ల బేరాలు బాగానే ఉన్నాయి.”

ఆవిడ నవ్వలేదు. “రేపు ఇంకొక్కసారి చూస్తా. వదినే వండాలి, వదినే కూర్చోవాలి. మీరు మాత్రం కొట్లో ఉండకూడదు.”

మర్నాడంతా ఆయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూడోసారి ఫోన్ చేస్తే భార్య, “మూత తియ్యలేదు. ఇక ఫోనూ ఎత్తను” అని పెట్టేసింది.

సాయంత్రం ఆమె ఒక ముక్క పొట్లం కట్టుకొచ్చింది. “ముప్పై పోయాయి. నాలుగు పెనాలు, పాత జల్లెళ్లు కూడా.”

“అవెలా పోయాయి?”

“మూత తియ్యకూడదన్నాను. ఎప్పుడు తీస్తానా అని అందరూ అక్కడే కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం బాగోక ఏదో ఒకటి కొన్నారు.”

ఆయన ముక్కను ప్లేట్లో వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. బాగుంది. అదే అసలు బాధ.

“రేపు నేను వెళ్లనా కొట్టుకి?” అన్నాడు మెల్లగా.

“ముందు ఆ ప్లేటు కడగండి. చూద్దాం.”