రోడ్డుకు అవతలి ఇల్లు

ఊరి మధ్యలో పోయే తారురోడ్డే రెండు రాష్ట్రాలకు హద్దు. ఇవతలి వరుస ఇళ్ళు ఓయో రాష్ట్రానివి, అవతలివి క్వారా రాష్ట్రానివి. ఆ రోజు ఇవతల అసాబి ముసలమ్మ వాకిట్లో పొద్దున్నుంచీ డోళ్ళు మోగుతూనే ఉన్నాయి. దంచిన పెండలం ముద్దలు ఆకుల్లో చుట్టి గుట్టగా పేర్చారు. మనవరాలు అవేరోకి పెళ్ళయింది. ఇక రోడ్డుకు అవతల, ఎదురుగా ఉన్న అత్తవారింటికి పంపడమే మిగిలింది.

అంత సందడిలోనూ అసాబికి బెంగ తీరలేదు. పెళ్ళికూతురు గడప దాటేముందు పెద్దల ముందు మోకరిల్లి ఏడుపుపాట పాడాలి. అప్పుడే పెద్దలు నెత్తిన చెయ్యిపెట్టి దీవిస్తారు. అసాబి తన పెళ్ళికి పాడే వచ్చింది. ఆమె కూతుళ్ళూ పాడే వెళ్ళారు. అందరూ పురుళ్ళకూ పండగలకూ తిరిగొచ్చారు. పాడకుండా పోయింది అసాబి చెల్లెలు అయోకా ఒక్కతే. వాన ముంచుకొస్తోందని హడావుడిగా దాన్ని లారీ ఎక్కించారు. మళ్ళీ ఆ మొహం ఎవరూ చూడలేదు.

అవేరో మోకరిల్లింది. ముసుగు సర్దుకుని నోరు తెరిచింది. కిసుక్కున నవ్వింది.

"ఏమే, చక్కిలిగింతలు పెట్టారా ఎవరన్నా?" అంది సిఫావు. ఊళ్ళో ఏ పెళ్ళికైనా పాటలూ వేళాకోళాలూ నడిపించేది ఆమే.

"ఏడుపు రావట్లేదు పిన్నీ! అదిగో, మా ఆయన అరుగుమీద కూర్చుని చేతులూపుతున్నాడు. చెప్పులు తిరగేసుకున్నాడని కూడా తెలుస్తోంది. దేనికని ఏడవను?"

వాకిలంతా గొల్లున నవ్వింది. అసాబి మాత్రం చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"పాట లేకపోతే దీవెన లేదు."

"ముసలమ్మా, ఉప్పు నిండుకుంటే ఇక్కణ్ణుంచే కేకెయ్యొచ్చు. ఎందుకంత బెంగ?"

"నా బెంగ ఉప్పు గురించి కాదే సిఫావూ. పిల్లని ఊరు చుట్టూ తిప్పండి. సంత మీదుగా, వాగు దాటించి, ఆ వైపు నుంచి తీసుకురండి. ఎక్కడో అక్కడ ఏడుపొస్తుంది."

"ఎదురింటికి ఊరంతా తిరగాలా!" అని సిఫావు చప్పట్లు కొట్టింది. "పదండే! దారి తెలియనివాళ్ళు నా వెనకాల నడవండి!"

డోళ్ళు కదిలాయి. ఆడవాళ్ళూ పిల్లలూ హుషారుగా వెంట నడిచారు. పంపిన పెద్దలు వెంట వెళ్ళకూడదు గనుక అసాబి పీటమీదే ఉండిపోయింది. డోలు సంత దగ్గర వినిపించింది, తర్వాత సన్నబడింది, తర్వాత అసలే లేదు. అయోకా ఎక్కిన లారీ చప్పుడు కూడా ఇలాగే పోయింది. అసాబి పీట అంచు గట్టిగా పట్టుకుంది.

ఉన్నట్టుండి అవతలి ఇళ్ళ వెనకనుంచి డోలు మళ్ళీ లేచింది. జనం రోడ్డుమీదికి ఉరికొచ్చారు. పెళ్ళికొడుకు గుమ్మంలో ఆడవాళ్ళు సొరకాయబుర్రలో నీళ్ళతో సిద్ధంగా ఉన్నారు. కోడలి కాళ్ళు కడగందే లోపలికి రానివ్వరు.

"కాలు పెట్టమ్మా!"

అవేరో ఒక కాలు ముందుకు పెట్టి ఆగింది. ఇటు తిరిగింది. ఖాళీ అయిన వాకిట్లో మేక ఆకులు నములుతోంది. పీటమీద ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఆవిడ తన నాయనమ్మ.

"నాయనమ్మా!"

ఆ కేక పాటయింది.

"నీ వాకిలి ఊడ్చిన చీపురు ఎవరి చేతికిచ్చిపోను? తెల్లారితే నీకు పళ్ళపుల్ల ఎవరు విరిచిస్తారు? ఈ రోడ్డు ఇంత వెడల్పని నాకెవ్వరూ చెప్పలేదే!"

పాడుతూనే రోడ్డు మధ్యకు వచ్చి మోకాళ్ళమీద పడింది. ఉల్లిపాయల లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఎవరు పోయారమ్మా?"

"నోరు కడుక్కో! పెళ్ళి!" అంది సిఫావు, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

అసాబి ఎప్పుడు లేచిందో, ఎలా నడిచిందో ఎవరూ చూడలేదు. ఓయో ముగిసే తెల్లగీత దగ్గర ఆగింది. వంగి, రెండు చేతులూ మనవరాలి నెత్తిన పెట్టింది. ఏం దీవించిందో డోళ్ళ హోరులో అవేరోకి తప్ప ఎవరికీ వినపడలేదు.

"ఇక లే. వాళ్ళు నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు."

"నువ్వు వదిలితే కదా లేచేది, నాయనమ్మా."

అసాబి చేతులు తీసింది.