మస్తాన్‌బీ అరువిచ్చిన మచ్చ

మశూచి వైరసుకు ఎందరు చుట్టాలున్నారో, వాళ్లలో ఎవరు ఏ ఊళ్లో మకాం వేశారో వేళ్ల మీద చెప్పగల మొనగాడు గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ గాలించినా నాగూర్ వలి ఒక్కడే. ఈ మాట అన్నది నాగూర్ వలే. జనానికి తెలిసిన నాగూర్ వలి మాత్రం పశువైద్యంలో పీజీ చదువుతూ, మంగళవారం, శనివారం ఐసుపెట్టె ఒళ్లో పెట్టుకుని పర్చూరు బస్సెక్కే కుర్రాడు. పక్కసీటువాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "రొయ్యలా బాబూ?"

రొయ్యలు కాదు, గేదెల పొదుగు మీద ఎండిన పొక్కుల పక్కులు. 2004 ఏప్రిల్‌లో పర్చూరు అవతలి ఊళ్లో గేదె మశూచి లేచింది. పెద్ద మశూచి పోయి పాతికేళ్లయినా ఈ చిన్న చుట్టం ఇంకా తిరుగుతూనే ఉంది. పొదుగు నుంచి పాలు పిండేవాళ్ల వేళ్లకి ఎక్కుతుంది. చంపదు గానీ పక్షం రోజులు వేలు వంగనివ్వదు. మశూచి టీకా పడ్డ పాతకాపుల జోలికి అంతగా పోదు. టీకాలు ఆపేశాక పుట్టినవాళ్లంటే దానికి మహా ఇష్టం. వలి పరిశోధన దీని మీదే.

ఆ ఊరి మస్తాన్‌బీ ఎడమ జబ్బ మీద ఆ టీకా మచ్చ రూపాయి బిళ్లంత ఉంది. అరవై దాటి మణికట్టులో పట్టు తగ్గాక, తన నాలుగు గేదెల పాలు పిండే పని రెబ్కాకి అప్పగించింది. రెబ్కాకి ఇరవై రెండేళ్లు, జబ్బ నున్నగా ఉంటుంది. అందుకని రోజూ తెల్లవారగానే మస్తాన్‌బీ తన మచ్చని గోటితో లేపి రెబ్కా జబ్బ మీద అద్దేది. పాలు పిండాక రెబ్కా ఊడదీసి ఇచ్చేసేది. ఆ తర్వాత చేటో రోకలో అడిగినట్టు మరో నలుగురు అడిగి తీసుకెళ్లేవాళ్లు. షరతు ఒకటే, దీపాలవేళకి మచ్చ ఇల్లు చేరాలి. ఎవరూ మాట తప్పలేదు. వలి తన నోటుబుక్కులో 'మచ్చ: సొంతం, అరువు' అని రెండు గడులు గీసుకున్నాడు.

ఆ శనివారం అతను వచ్చేసరికి మస్తాన్‌బీ సంచి సర్దుకుంటోంది. మర్నాడు ప్రయాణం. చీరాలలో కంటి ఆపరేషను, తర్వాత నెల రోజులు వేటపాలెంలో చిన్నకూతురు నస్రత్ ఇంట్లో. అరుగు మీద రెబ్కా తన నాలుగు నెలల కొడుకు మార్క్‌ని ఒళ్లో వేసుకుని దిగాలుగా కూర్చుంది.

"నా వేళ్లకి పొక్కులు లేస్తే వీణ్నెట్లా ఎత్తుకోను బీబమ్మా? పాలు పిండకపోతే వీణ్నెట్లా సాకను?"

"నీకిచ్చి పోదామంటే నస్రత్ గేదెలకీ లేచాయంటనే! దాని జబ్బా నున్నగానే ఉండె."

"తొడుగులు వేసుకోవచ్చుగా," అన్నాడు వలి.

"వేసుకుని చూశాగా! రబ్బరు తగలగానే గేదె చేపలేదే! పాలన్నీ బిగబట్టింది. మిమ్మల్నయితే తన్నిందన్నారుగా, డాక్టరుగారూ?"

వలి మోకాలు తడుముకున్నాడు.

"ఇంత ఎండలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏంటండీ? పెళ్లిచూపులా?"

వలి చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "పక్కింటావిడ పెరుక్కి తోడు ఇస్తే మర్నాడు ఆ చుక్క తిరిగిస్తావా రెబ్కా?"

"తోడెవరన్నా తిరిగిస్తారా?"

"మరి మచ్చెందుకు ఇస్తున్నావ్? ఒక్క రాత్రి కదపకుండా ఉంచు. నీది నీ జబ్బన తోడుకుంటుంది, మామ్మది మామ్మ జబ్బన."

"ఒకళ్ల వస్తువు రాత్రి ఉంచుకోవడమా!" మస్తాన్‌బీ సంచి వదిలేసింది. "తోడుకోకపోతే?"

"తోడుకుంటుంది. పరిశోధనలో తేలింది."

"ఎవరి మీద?"

"ఒక మగమనిషి మీద. ఆరోగ్యంగానే ఉన్నాడు."

మస్తాన్‌బీ పసివాడి వేళ్ల వంక చూసింది. మచ్చ లేపి రెబ్కా జబ్బ మీద అద్దింది. "పొద్దున నా జబ్బ బోసిగా ఉందంటే నీ తాట ఒలుస్తారా అబ్బాయ్!"

పొద్దున ఆమె జబ్బ బోసిగా లేదు. రెబ్కా జబ్బ మీద లేత గులాబీ అంచుతో కొత్త మచ్చ. రెబ్కా గోటితో లాగింది, రాలేదు. ఇంకోసారి లాగి నవ్వేసింది. నాలుగు గేదెలూ పిండి, చేతులు కడుక్కుని, మార్క్‌ని చంకనేసుకుని, మస్తాన్‌బీని బస్సెక్కించడానికి వచ్చింది.

బస్సు దుమ్ము దూరంగా కనిపించింది. మస్తాన్‌బీ వలి వైపు తిరిగింది. "ఇంతకీ ఆ మగమనిషి ఎవర్రా?"

వలి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. జబ్బ మీద రూపాయి బిళ్లంత మచ్చ.

"మంగళవారం గేదెని పట్టుకోవాలంటే భయమేసింది మామ్మా. దీపాలవేళ మీరు కునుకు తీస్తుంటే అడక్కుండా లేపుకున్నా. తన్ను తిని, ఆ కంగారులో దీంతోనే బస్సెక్కేశా. మీకేం గతి పట్టిందోనని నాలుగు రోజులు నిద్రలేదు. నిన్నొచ్చి చూస్తే మీది మీ దగ్గరే ఉంది."

"దొంగ సచ్చినోడా!" మస్తాన్‌బీ అతని చెవి మెలిపెట్టింది, కానీ గట్టిగా కాదు. "పోన్లే, తన్నయితే తిన్నావుగా."

బస్సు వచ్చి ఆగింది. వలి ఆమె సంచి అందిస్తూ, రెబ్కాకి వినపడకూడదని గొంతు తగ్గించాడు. వినపడింది.

"తన్నింది గేదె కాదు మామ్మా. దాని దూడ."