గాలిలో హ్యాండిల్

పదకొండు గంటల సీరియల్ కోసం పదిన్నరకే గంగారాం ఇంటి ముందు చెప్పులు కుప్పపడ్డాయి.

సూరత్ శివారు వడోద్‌లో ఆ గల్లీ ఇళ్ళన్నీ ఒకటే తీరు. ఒక గది, దానికి అతుక్కుని ఒక వంట మూల. ఆ ఒక్క గదిలోనే జమున మంచాన్ని గోడకు నిలబెట్టించి, చాపలు పరిచి, ఇరవై మందికి చోటు చేసింది. వచ్చినవాళ్ళంతా సాంచల మీద పనిచేసేవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూను. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడ్డా మరమగ్గాన్ని సాంచ అనే పిలిచే పద్మశాలీలు. ఆదివారం కనుక మగవాళ్ళు తలంటుకుని ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు, టీవీలో కనిపించబోయేది తామే అన్నట్టు.

గంగారాం గడప పక్కన కూర్చున్నాడు. అక్కడి నుంచి అయితే లేచి పోవడం తేలిక.

వీళ్ళంతా అతని ముఖం చూడటానికి వచ్చారు. ఆ సీరియల్లో అతని ముఖం లేదు. ఈ సంగతి ఆ గదిలో అతనొక్కడికే తెలుసు.

నిజానికి అతను అబద్ధమేమీ ఆడలేదు. నెల కిందట షూటింగ్ ముగించుకుని ఉమర్‌గాం నుంచి రైలు దిగి ఇంటికి వచ్చినప్పుడు, "ఏం వేషమిచ్చిన్రు?" అని జమున అడిగితే, "నేతగాని వేషం" అన్నాడు. అది నిజమే. "పెద్దదా?" అంటే, "కథంత దాని మీదనే ఉన్నదట" అన్నాడు. అదీ నిజమే. చేతులు మాత్రమే అన్న ఒక్క మాట అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు. అన్నం తినేలోపే జమున పక్కింటికి పోయి వచ్చింది. తెల్లవారేసరికి ఆ కబురు గల్లీ దాటింది. రెండుసార్లు ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమె కళ్ళలో కనిపించిన వెలుగును చూసి, ఉప్పు తక్కువైందనో, నల్లా కారుతోందనో చెప్పి ఊరుకున్నాడు.

ఆ వెలుగు పెళ్ళయిన కొత్తలో చూశాడు. తర్వాత అది ఎప్పుడు పోయిందో గమనించలేదు. పోయిందని కూడా, మళ్ళీ కనిపించినప్పుడే తెలిసింది.

"ఏం బావా, మూలకు కూసున్నవ్? హీరో ముందటికి రావాలె గద!" అన్నాడు బక్కయ్య. జమున తమ్ముడతను. ఖటోదరాలో గంగారాం పనిచేసే షెడ్డులోనే ఎదుటి వరుస సాంచలు నడుపుతాడు. నోరు ఊరుకోదు. 

"గాలి మంచిగ అస్తది ఈడ" అన్నాడు గంగారాం.

"రేపటి నుంచి బావకు గాలి ఎందుకు? ఏసీల ఉంటడు. మనం పలకరిస్తే, ఎవర్రా మీరు అంటడు."

అందరూ నవ్వారు. గంగారాం కూడా నవ్వాడు.

అసలు ఆ పని అతనికి దొరికిన తీరే విచిత్రం. సీరియల్ వాళ్ళ దుస్తుల మనిషి ఒకడు రాజకుమారి చీరల కోసం సూరత్ బజారుకు వచ్చి, గుడ్డ చూడటానికి గంగారాం యజమాని సేఠ్ షెడ్డుకు వచ్చాడు. మాటల్లో మాటగా, చేతి మగ్గం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. సేఠ్ ఎనిమిది సాంచల మధ్య తిరుగుతున్న గంగారాంను చూపించాడు. పంతొమ్మిదేళ్ళ వయసు దాకా తండ్రి ఆగయ్య మగ్గం గుంటలో కూర్చుని నేసిన సంగతి గంగారాం ఎప్పుడో ఒకసారి చెప్పాడు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. అది సేఠ్‌కు గుర్తుండటమే ఆశ్చర్యం.

ఉమర్‌గాం సెట్లో రాతి గుహంతా థర్మకోల్. మగ్గాన్ని ఏదో బొమ్మ చూసి కట్టారు. పడుగు వదులు, కాలి పలకల తాళ్ళు తలకిందులు. ఎవరూ అడగకుండానే గంగారాం కూర్చుని పొద్దుటి నుంచీ దాన్ని సరిచేశాడు. మధ్యాహ్నానికి పోగును మోసుకుపోయే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు నీళ్ళలో చేపలా జారిపోయింది. ఆ చిన్న చప్పుడు కోసం అతను నాడెను మళ్ళీ తోశాడు. సాంచల హోరులో తన పని చప్పుడు తనకెప్పుడూ వినపడదు. ఇక్కడ ప్రతి పోగూ వినపడింది. 

సీరియల్ పేరు 'సాత్ ద్వీప్'. అందులో ఒక మాంత్రికుడు రాజకుమారి నీడను దొంగిలిస్తాడు. ఆ రాజ్యంలో నీడ లేనివాళ్ళను ఎవరూ గుర్తుపట్టరు. కన్నతల్లి కూడా ఆమెను చూసి ఎవరమ్మా నువ్వు అంటుంది. కొండ గుహలో ఉండే ముసలి నేతగాడు ఆమెకు కొత్త నీడ నేసి ఇవ్వాలి. ఆ ముసలివాడిగా తెల్లగడ్డం నటుడొకాయన ఉన్నాడు. మంచివాడు. తన మెత్తటి అరచేతులు చూపించి, "వీటిని చూస్తే రాజకుమారి కూడా నమ్మదు" అని నవ్వాడు. ఆయన ముఖం, గంగారాం చేతులు. చేతులకు బూడిద రంగు పూసి, రాగి ఉంగరాలు తొడిగారు. కెమెరా మోచేతి దాకానే.

అప్పుడే ఆ పొరపాటు జరిగింది. నేస్తూ నేస్తూ ఉండగా నల్ల పోగొకటి తెగింది. ఆ క్షణాన గంగారాం ఎడమ చెయ్యి తటాలున పక్కకు పోయి గాలిని పట్టుకుంది. సాంచ మీద పోగు తెగగానే ఎడమ పక్కనున్న హ్యాండిల్ గుంజి మిషన్ ఆపాలి. ముప్పై ఏళ్ళుగా రోజుకు వందసార్లు చేసిన పని. ఇక్కడ సాంచ లేదు, హ్యాండిల్ లేదు. వెయ్యేళ్ళ కిందటి గుహలో పిడికిలి ఒక్క క్షణం ఖాళీగా బిగుసుకుని ఆగింది. తర్వాత సిగ్గుపడి వెనక్కి వచ్చి, తెగిన పోగును ముడివేసింది.

"కట్!" అంది డైరెక్టర్. టోపీ పెట్టుకున్న చిన్న వయసు అమ్మాయి. దగ్గరకు వచ్చి, "ఇప్పుడేం చేశారు మీరు?" అని హిందీలో అడిగింది.

"గలతీ అయింది మేడం."

"మళ్ళీ చేయండి. అచ్చం అలాగే."

చేశాడు. రాలేదు. తెలిసి చేయబోతే చెయ్యి చెక్కలా బిగుసుకుంది. మూడుసార్లు చూసి ఆమె పోనీలెమ్మంది. దుస్తుల మనిషి భుజం తట్టి, "ఫికర్ చేయకు, ఎడిటింగ్‌లో తీసేస్తారు" అన్నాడు. తిరుగు రైల్లో గంగారాం ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, పరాయివాళ్ళ పిల్లను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. తన చెయ్యి తనను అడగకుండా ఎన్ని పనులు చేస్తుందో అతనెప్పుడూ ఆలోచించలేదు. 

"బాపూ, షురూ అయింది!" కూతురు సంధ్యారాణి అరిచింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె ఫోను ఎత్తి పట్టుకుంది. "నేను రికార్డింగ్ చేస్తున్న. ఎవ్వలు మాట్లాడొద్దు, కోయి బాత్ నహీ కరేగా!"

గుహ కనిపించింది. రాజకుమారి ఏడుస్తూ లోపలికి వచ్చింది. మగ్గం ముందు తెల్లగడ్డం ముసలాయన తల ఎత్తాడు.

"ఏడి?" అన్నాడు బక్కయ్య.

"ఆగు, అస్తడు" అంది జమున.

"గీ ముసలోడు బావ కాదు గద?"

"మేకప్ ఏసిన్రేమో."

"మేకప్ ఏస్తే ముక్కు మారుతదా అక్కా? గా ముక్కు సూడు, చిలుక ముక్కు. మన బావది మిర్చి బజ్జి."

ఎవరో కిసుక్కుమన్నారు. జమున వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. గంగారాం గడప మీది సున్నం పెచ్చును గోటితో గీకుతున్నాడు. ఇప్పుడు చెప్పాలి. లేదా లేచి పోవాలి. ఒక కాలు గడప అవతల పెట్టాడు కూడా.

టీవీలో చేతులు కనిపించాయి. బూడిద రంగు వేళ్ళు, రాగి ఉంగరాలు. నాడె ఇటూ అటూ పోతోంది.

ముందు చాప మీద, టీవీకి మూరెడు దూరంలో బుచ్చవ్వ కూర్చుంది. గల్లీలో అందరికంటే పెద్దది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆగయ్య ఇంటి పక్కనే ఉండి, ఆయన మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి. చూపు మందం. ఆమె ఇంకొంచెం ముందుకు జరిగింది.

అప్పుడు నల్ల పోగు తెగింది. ఎడమ చెయ్యి తటాలున పక్కకు లేచి గాలిని పట్టుకుంది.

తీసేయలేదు! గంగారాం కాలు గడప మీదే ఆగిపోయింది. తీసేయకపోగా, ఆ బిగిసిన పిడికిలి చుట్టూ నీలి వెలుగు చేర్చారు. పిడికిలిలోంచి సన్నటి వెలుగు పోగొకటి సాగి వచ్చింది. శంఖాలు మోగాయి. గాలిలోంచి పోగు తీసిన ఆ అద్భుతానికి రాజకుమారి నోరు తెరిచి చూసింది.



"హ్యాండిల్!" అని అరిచాడు బక్కయ్య. మోకాళ్ళ మీద లేచాడు. "హ్యాండిల్ గుంజిండు! అరే, గుహల సాంచ బందు వెడుతున్నడు మా బావ!"

అంతే. గది పేలిపోయింది. మగవాళ్ళందరి ఎడమ చేతులూ ఒకేసారి గాలిలోకి లేచి లేని హ్యాండిల్‌ను గుంజాయి. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నరేశ్ అనే అతను నవ్వలేక కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "దేశమంత మంత్రమనుకుంటున్నది! మనకే ఎర్క!" అని వాళ్ళలో వాళ్ళు వీపులు చరుచుకున్నారు.

"సప్పుడు చెయ్యకుండ్రి!" బుచ్చవ్వ గద్దించింది. ఆమె వేలు తెర మీద ఉంది. అక్కడ చేతులు తెగిన పోగును ముడివేస్తున్నాయి. చూపుడు వేలి మీద ఒక చుట్టు, బొటనవేలితో ఒక తోపు, చివర చిన్నగా ఒక తట్టు. "గిది ఆగయ్య ముడి. ముడేసినంక పోగును గట్ల తట్టుడు ఆగయ్యకే ఉండె. పడుకున్న పిల్లను తట్టినట్టు." ఆమె వెనక్కి తిరిగి గడప వైపు చూసింది. "నాయినను యాది చేస్తివి కొడుక."

గంగారాంకు ఆ తట్టు సంగతి తెలియదు. తాను అలా తడతానని యాభై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. తండ్రి పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన ముఖం గుర్తు చేసుకోబోతే ఈ మధ్య ఫోటోలోని ముఖమే వస్తోంది. ఆయన మాత్రం ఇన్నాళ్ళూ తన వేళ్ళ చివర, షిఫ్టు షిఫ్టుకూ తనతోపాటు డ్యూటీకి వస్తున్నాడన్నమాట. 

రాజకుమారి కొత్త నీడను భుజాల మీద కప్పుకుంది. ఆమె తల్లి ఆమెను గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సంధ్యారాణి రికార్డు చేసిన ముక్కను వెనక్కి జరిపి మళ్ళీ చూపిస్తోంది. హ్యాండిల్ దగ్గరకు రాగానే ప్రతిసారీ అంతే గోల.

జమున జనాన్ని దాటుకుని గడప దగ్గరకు వచ్చింది.

"చేతులేనా?" అంది మెల్లగా.

"చేతులే. మొకం లేదు. చెప్దామనుకున్న..."

"నల్లా కారుతున్నదని గందుకేనా చెప్పినవ్? నేను ప్లంబర్‌ను పిలిస్తే ఏం కారుతలేదని వోయిండు."

గంగారాం తల దించుకున్నాడు. ఆమె అతని కుడి చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, కూరగాయల బజారులో ఎంచినట్టు. 

"మొకం నేను రోజు సూస్తనే ఉన్న. దాన్ని టీవీల సూసి ఏం చేస్త? గీ చేతులు గింత సక్కగుంటయని ఎవలు చెప్పిన్రు నాకు?"

ఆమె కళ్ళలో ఆ వెలుగు పోలేదు. గంగారాం గడప అవతల పెట్టిన కాలును లోపలికి తీసుకున్నాడు.

"అక్కా, తర్వాత ముచ్చట పెట్టుకోండ్రి, చాయ్ పెట్టు!" బక్కయ్య కేక వేశాడు.

మర్నాడు పొద్దున షెడ్డులో ఎప్పటి హోరే. ఆ హోరులో మాటలు వినపడవు కనుక అక్కడివాళ్ళు పెదాలు చూసే మాట్లాడుకుంటారు. గంగారాం నాలుగో సాంచ మీద పోగు తెగింది. ఎడమ చెయ్యి తనంతట తానే పోయి హ్యాండిల్ గుంజింది. ఈసారి ఇనుము ఉంది. పోగు ముడివేసి, చివర వేలు తట్టబోతుంటే గమనించి, నవ్వుకుని, తట్టాడు.

తల ఎత్తితే ఎదుటి వరుసలో బక్కయ్య. ఎడమ చెయ్యి గాలిలో బిగించి నిలబడ్డాడు. అతని వెనక నరేశ్, ఆ వెనక ఇంకో ఇద్దరు, అందరి పిడికిళ్ళూ గాలిలో ఉన్నాయి.

"నాకో నీడ నెయ్యి బావా" అన్నాయి బక్కయ్య పెదాలు.

గంగారాం అతని పొట్టను పైనుంచి కిందికి చూశాడు.

"నీకు రెండు తానులు కావాలె" అన్నాడు చప్పుడు లేకుండా, హ్యాండిల్ తోసి సాంచ నడిపించాడు.