ఎవరు కప్పమన్నారు?

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున వెలుగు, నడినెత్తిన బూడిద మబ్బు, మధ్యలో నాలుగు చినుకులు రాలతాయేమో అన్నట్టు చల్లగాలి. మిరపకాయ కల్లంలో ఉన్నప్పుడు మబ్బు కనపడితే మా వైపు ఎవరికీ కాలు నిలవదు. మా ఇంటి వెనకే కల్లం. రెండెకరాల కాయ, ఇంకా పచ్చి ఆరనిది, పరిచి ఉంది. నేను కొట్టంలో పేడ ఎత్తుతున్నాను.

"మబ్బు పట్టింది, పట్టాలు కప్పవే రత్నం!"

అత్తయ్య గొంతు. చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తాను. కాయ దగ్గరికి లాగి, టార్పాలిను పట్టాలు కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి, వంటింట్లోకి వెళ్ళాను. కోతకొచ్చిన కూలోళ్ళకి అన్నం వండాలి. ఎనిమిది దాటేసరికి మబ్బు విడిపోయి ఎండ కాసింది. చూశాను. తీద్దామనుకున్నాను. తియ్యమని ఎవరూ అనలేదు. ఈ ఇంట్లో అనకుండా ఏదైనా చేస్తే "నిన్నెవరు అడిగారు" అంటారు. అన్నారనుకుని చేస్తే ఏమంటారో పదింటికి తెలిసింది.

మా ఆయన వీరాంజనేయులు వచ్చి పట్టా ఎత్తాడు. లోపలి నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. కాయ చెమర్చి మెత్తబడింది. ఇలా ఉడికిన కాయకి ఎరుపు పోతుంది, తెల్లబారి తాలు అవుతుంది. మిర్చియార్డులో తాలుకాయని కాలితో తోసి చూస్తారు.

"ఎవరు కప్పమన్నారే?" అన్నాడు.

"అత్తయ్యే అన్నారండీ."

అత్తయ్య అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. తలెత్తలేదు. "నేనెప్పుడన్నానురా అంజీ? నాకేం పిచ్చా, పచ్చికాయని ఎండలో కప్పమనడానికి? దాని చెవిలో ఎవరెవరో మాట్లాడతారుగా, వాళ్ళెవరో అనుంటారు."

ఆయన ఇక నన్ను అడగలేదు. అడగడానికేముంది. నేనే ఆలోచనలో పడ్డాను. అన్నదా? అనలేదా? ఆ మాట వచ్చినప్పుడు నేను గుమ్మం వైపు చూశానా, ఆమె అక్కడ కనపడిందా? గొంతు బయటి నుంచి వచ్చిందా, నా తలకాయ వెనక నుంచి వచ్చిందా? ఎంత తవ్వుకున్నా పేడగంపే కనపడుతుంది గాని ఆమె మొహం కనపడదు.

రెండేళ్ళ కింద పత్తి తీతల రోజుల్లో మొదలైంది. చేలో నా సాలులో నేనొక్కదాన్నే ఉన్నా పక్కన ఎవరో నా పనికి వంకలు పెట్టేవాళ్ళు. ముందు నిమ్మకాయ మంత్రించారు, తాయెత్తు కట్టారు. చివరికి నల్లపాడు మీదుగా వెళ్ళే బస్సెక్కించి గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు నసీమున్నీసా గారు, "ఆ గొంతులు ఏమంటాయమ్మా?" అని అడిగారు.

"కూర నీళ్ళగా ఉందంటాయండీ. మీ అమ్మ ఏం నేర్పిందంటాయి. కూర్చుంటే కూర్చుందంటాయి, నుంచుంటే ఆ నుంచోడం చూడమంటాయి."

ఆమె రాయడం ఆపారు. "ఇవి చెవిలో వినపడేవా, ఇంట్లో అనేవా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. "నాకు తెలీదండీ" అన్నాను. పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఆ ఆసుపత్రి వాళ్ళు ఈ గొంతుల జబ్బు కొత్తగా మొదలైనవాళ్ళకి మెదడు ఫొటోలు తీస్తున్నారు. రెండేళ్ళకి మళ్ళీ తీసి, ఏం మారిందో పోల్చి చూస్తారట. ఆ ఫొటో తీసే మిషను గొట్టంలో పడుకోబెడితే తల చుట్టూ దబదబా మోత. విచిత్రం, ఆ మోతలో ఏ గొంతూ వినపడలేదు. అరగంట సేపు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఇంకాసేపు ఉండనిస్తే బాగుండుననిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కాయితంలో నార్మల్ అని రాసిచ్చారు. మా ఆయన బయటికొచ్చి ఆ నల్ల ఫిల్మును ఎండకి పట్టుకుని, అన్ని గళ్ళూ చూసి, "ఏమీ లేదు. బానే ఉంది" అన్నాడు, పత్తిగింజల పాకెట్టు మీద తేదీ చూసినట్టు. డాక్టరమ్మ మాత్రం మళ్ళీ లోపలికి పిలిచి చెప్పారు. "చూడమ్మా, కంటికి కనపడే గడ్డలూ గాయాలూ లేవని దానర్థం. జబ్బు లేదని కాదు. ఈ జబ్బులో కొందరికి మెదడు పొర వెంట్రుకవాసి పలచబడొచ్చు, లోపల నీళ్ళుండే గదులు కాస్త పెద్దవవ్వొచ్చు. అది ఒక్కరి ఫొటో చూస్తే తెలీదు. చాలామందివి కలిపి కొలిస్తేనే తెలుస్తుంది. అందుకే అందరినీ రమ్మంటున్నాం."

ఆయనకి అది తప్పించుకునే మాటలా వినపడింది. నాకు అర్థమైంది. ఒక్క కాయ చేతిలో పట్టుకుంటే లోపల తేమ ఎంతుందో ఎవడు చెప్పగలడు? కాయంతా టిక్కీ బస్తాకెత్తి కుట్టి కాటా మీద పెడితే అప్పుడు బయటపడుతుంది.

బిళ్ళలు వేసుకున్నన్నాళ్ళు నోరెండిపోయేది, ఒళ్ళొచ్చింది, నిద్ర ముంచుకొచ్చేది. కానీ గొంతులు పలచబడ్డాయి. "పొద్దెక్కేదాకా ఆ పడక ఏంటే, ఫొటోలో ఏమీ లేదన్నారుగా" అనేది అత్తయ్య. మొన్న దసరా వెళ్ళాక బిళ్ళలు తేవడం మానేశాడాయన. రెండో ఫొటోకి ఈ గురువారం రమ్మని కార్డు వస్తే, "కోతలప్పుడా? ఏమీ లేదని ఒకసారి తేలాక మళ్ళీ ఎందుకు?" అని దూలంలో దోపాడు.

ఆవిరి పట్టిన కాయని మళ్ళీ పలచగా పరుస్తుంటే అదే తిరిగింది నా బుర్రలో. పని చెప్పేటప్పుడు నాకు జబ్బు లేదు. తప్పు జరిగినప్పుడు ఉంది. మధ్యలో నేను ఎక్కడున్నానో ఏ ఫొటోలో దొరుకుతుంది?

పన్నెండింటికి వీరమ్మ చేలోంచి వచ్చింది. ఏళ్ళ తరబడి మా ఇంటికి కూలికొచ్చే మనిషి, ఆదివారం చర్చికి తప్ప పని మానదు. కాయని చూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, ఇందాక తియ్యలేదా అమ్మా పట్టాలు?"

"ఎవరు కప్పమన్నారో తెలీలేదే."

"తెలీకపోవడమేంటి? పెద్దమ్మగారు కప్పమన్నారుగా. పొద్దున చల్ల పోయించుకోడానికొచ్చి దొడ్డి గుమ్మంలో నిలబడి ఉన్నా. నా చెవి పక్కనే అరిచింది, గిన్నె జారేది."

"నిజంగా విన్నావా?"

"విన్నానమ్మా."

"అత్తయ్యేనా?"

"ఎన్నిసార్లు చెప్పిస్తావు, నా నోరు అరిగిపోను!"

సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకంటే అప్పుడే నా వెనక ఎవరో పకపకా నవ్వారు. "ఇప్పుడు నవ్వారు చూడు, విన్నావా?" అన్నాను.

వీరమ్మ వెనక్కి తిరిగి చూసింది. కల్లంలో కాయ తప్ప ఏమీ లేదు. నా చెయ్యి పట్టుకుంది. "ఎవరూ నవ్వలేదమ్మా" అంది, మెల్లగా.

అంటే రెండూ నిజమే. నాకు జబ్బుందన్నదీ నిజమే, అత్తయ్య అబద్ధమాడిందన్నదీ నిజమే. ఇన్నాళ్ళూ వాళ్ళు నాకు ఒకటి ఉంటే రెండోది ఉండదని నేర్పారు. నేను నేర్చుకున్నాను.

మధ్యాహ్నం వడ్డించాను. గోంగూర, పప్పు, మజ్జిగ. రోజూ వాళ్ళిద్దరూ లేచాక తింటాను. ఆ రోజు నా కంచం కూడా తెచ్చుకుని, వాళ్ళకెదురుగా పీట వేసుకు కూర్చున్నాను. అత్తయ్య కొడుకు వైపు చూసింది.

"గురువారం గుంటూరు వెళ్తున్నా. ఫొటో తీయించుకుంటా. బిళ్ళలు మళ్ళీ మొదలుపెడతా."

"ఫొటోలో ఏమీ లేదన్నారుగా" అన్నాడాయన.

"ఫొటో సంగతి వాళ్ళు చూసుకుంటారు. బిళ్ళలు నాకు కావాలి."

"ఏం, బిళ్ళలేసుకుంటే కాయకి పోయిన రంగొస్తుందా?" అంది అత్తయ్య.

"రాదత్తయ్యా. నా చెవిలో గొంతులు పోతాయి. అవి పోయాక ఇంకా వినపడేవన్నీ మీవేనని తెలుస్తుంది."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. అత్తయ్య మజ్జిగ గిన్నె తన వైపుకి లాక్కుంది. నేను పప్పు వేసుకున్నాను. ఆయనకి వేశాను. ఆమెకీ వేశాను. ముద్ద కలుపుకున్నాం. ముగ్గురం చివరిదాకా తిన్నాం.